హెవీవెయిట్ హరిలాల్ దీక్షాకాలం

హరిలాల్ కొట్లాట మనిషి కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే అతను బతుకుతెరువుగా పట్టుకున్నది కొట్లాటనే. నర్మెట్ట దగ్గరి తండాలో వాల్యాకు రెండో కొడుకుగా పుట్టి, పెరిగి, ఎక్కడ ఆగాలో తెలియక ఇంకా పెరిగి, ఆర్డినరీ బస్సు ఎక్కితే ఇద్దరు దిగాల్సినంత మనిషయ్యాడు. అంత ఒళ్లుండీ ఎవరైనా "అన్నా, జర..." అంటే చాలు, ఆ జర తర్వాత ఏముందో వినకుండానే తలూపేవాడు.

పత్తి కాలంలో వైకుంఠం సేటు దగ్గర హమాలీ పని. మిగతా హమాలీలు ఇద్దరిద్దరు పట్టే పత్తి బోరాన్ని అతనొక్కడే తువ్వాలలా భుజాన వేసుకుని పోతుంటే, పత్తి అమ్మడానికి వచ్చిన ఎల్లస్వామి చూశాడు. ఎల్లస్వామి జనగామలో తాలీం నడిపే పాత పహిల్వాను. కుస్తీకి పిల్లలు రావడం మానేశాక తాలీంలో సగం కోళ్ల ఫారం పెట్టుకున్నాడు.

"టీవీల జూసినవారా, ఇనుప జాలీల ఇద్దర్ని దోలి తలుపేస్తరు? గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేసి గొంతు పట్టొచ్చు."

"ఎందుకు ఉస్తాద్? ఏం తగాదా వాళ్లకు?"

"తగాదా లేదు, అది ఆట."

"తగాదా లేకుంట గొంతెట్ల పట్టుకుంటరు?"

"అది మెల్లగ నేర్పుత గానీ, ఇను. బరువును బట్టి జోడి కడ్తరు. తొంబై మూడు కిలోలు దాటితె హెవీవెయిట్. గంత బరువుతోని కొట్లాడేటోళ్లు మన దేశంల పదిమంది లేరు. నువ్వు ఊకె నిలవడ్డ పదకొండోనివి."

హరిలాల్ తలూపాడు.

పట్లు వేయడం ఎల్లస్వామికి తెలుసు. గుద్దులు, తన్నులు మాత్రం శిష్యుడితో కలిసి సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకున్నాడు. జనగామ సిగ్నలుకు వీడియో మధ్యలో ఆగిపోతే, తన్ను అంతవరకే అనుకుని హరిలాల్ కాలు గాలిలో పెట్టి నిలబడేవాడు. సాధనకు ఎదురు నిలబడ్డవాళ్లు ఒక్కపూటకే పారిపోయేవారు. కొట్టిన ప్రతిసారీ "తాకిందా అన్నా?" అని అడిగి, ఆ తర్వాత పసుపు పట్టీ వేసే ఫైటరుతో ఎవరు మాత్రం ఎంతకాలం వేగుతారు?

మొదటి పోటీ పుణెలో కుదిరింది. అవతలివాడు జ్వరమని రాలేదు. తూకం కూడా వేయకుండా హరిలాల్ చెయ్యి పైకెత్తి, గెలిచావుపో అన్నారు. జనగామలో పేపర్లు అతన్ని తెలంగాణ పులి అన్నాయి. రెండోది చెన్నైలో. రైలు మానుకోట దాకా వచ్చి ఆగింది. పట్టాల మీద జనం, బతుకమ్మలు, డప్పులు, రైల్ రోకో. కిటికీలోంచి పులిని గుర్తుపట్టినవాళ్లు "అన్నా, జర దిగు" అన్నారు. దిగాడు. ఇంజను ముందు, సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టారు. చీకటి పడేదాకా కూర్చుని, తను ఎక్కి వచ్చిన రైలును తనే ఆపి, చెన్నైకి పోకుండానే చెన్నైలో ఓడిపోయాడు.

రెండు పోటీలు. ఒక గెలుపు, ఒక ఓటమి. ఒంటి మీద ఒక్క గీత లేదు.

"రెండు శాలువలు మాత్రం వచ్చినయి," అనేది భార్య కళావతి. "ఒకటి గొర్రెపిల్ల మీద కప్పిన, సలికాలం గద."

ఆమె ఎన్నన్నా హరిలాల్‌కు కోపం రాదు గానీ ఈ మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. గెలవాలని అతనికి పెద్దగా లేదు. ఒక్కసారి ఆ జాలీలో తన ఎదుట ఒక మనిషి నిలబడితే, తాను ఫైటరా, ఫైటరని జనం అనుకుంటున్న హమాలీయా అన్నది తేలిపోతుంది. ఆ అవకాశం ముంబయిలో వచ్చింది. హర్యానావాడు జోగిందర్‌తో పోటీ. ఈసారి కూడా రాకపోతే ఇక మళ్లీ పిలిచేది లేదని పోటీ పెట్టేవాళ్లు ఫోన్లో ఖరాఖండిగా చెప్పారు.

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది.

జనగామ చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు వెలిసింది. షామియానా వైకుంఠం సేటు ఇచ్చాడు. ఆ సంగతి షామియానా కంటే పెద్ద అక్షరాలతో రాయించాడు. రోజుకో సంఘం వంతు. పొద్దున దండలు, సాయంత్రం నిమ్మరసం. కూర్చునేవాళ్లు ఇంట్లో కడుపునిండా తినే వచ్చేవాళ్లు. మధ్యాహ్నానికి టెంటు వెనక మిర్చిబజ్జీల పొట్లం విప్పిన చప్పుడైతే, ముందు వరస ఒక్కొక్కరుగా మూత్రానికి లేచేది. కొన్నాళ్లకు ఫోటో తీసేవాళ్లు రావడం తగ్గిపోయింది. టెంటు బాధ్యుడు యుగేందర్‌కు దిగులు పట్టుకుంది.

"హరిలాలన్నా, నువ్వొక్కనాడు కూసో అన్నా. పులి పస్తున్నదంటె ఢిల్లీ కదులుతది."

హరిలాల్ తలూపాడు. అయితే ఒక్క చిక్కు వచ్చింది. వాల్యా ఇంట్లో ఉపవాసమంటే భవాని తల్లికి మాట ఇచ్చి చేసేది. ముందు రాత్రి నుంచి మర్నాడు పొద్దున భోగ్ నైవేద్యం పెట్టేదాకా మెతుకు ముట్టరు, మంచినీళ్లు ముట్టరు. దీక్షలో ఇంకో రకం ఉంటుందని హరిలాల్‌కు ఎవరూ చెప్పలేదు. బజ్జీలు ఇస్తే రెండు చేతులూ జోడించాడు. నిమ్మరసం గ్లాసు అందిస్తే కళ్లకద్దుకుని పక్కవాడికి ఇచ్చాడు. ఫోటో పేపర్లో అరపేజీ వచ్చింది.

అది చూసి మానుకోట వాళ్లు వచ్చారు. జనగామకు పోయినవ్, మా ఊరికి రావా? పోయాడు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికులు టెంటేశారు, పోయాడు. కొత్తగూడ అడవిలో నలుగురు కూర్చున్న దీక్షకూ పోయాడు. అక్కడ ఫోటో తీసేవాళ్లు కూడా లేరు. బస్సులు బంద్ కాబట్టి సేటు జీపులో తిప్పేవారు. యుగేందర్ పక్కనే ఉండి ప్రతి ఫోటోలోనూ పడేవాడు. దీక్షాకాలంలో అతనికి కాస్త బొజ్జ కూడా వచ్చింది.

కళావతి ఒకరోజు భర్త లుంగీ కట్టుకోవడం చూస్తూ నిలబడిపోయింది.

"ఇదివరకు ఒక సుట్టే వచ్చేది. ఇప్పుడు రెండు సుట్లు తిరుగుతున్నది. లుంగి పెరిగిందా, నువ్వు తరిగినవా?"

ఎల్లస్వామి ఉరికొచ్చి శిష్యుణ్ని సేటు కాంటా మీద నిలబెట్టాడు. ఎనభై తొమ్మిది. పహిల్వాను పత్తి కుప్ప మీద కూలబడ్డాడు. దీక్షలకు ముందు అదే కాంటా మీద నూటికి దగ్గర తూగిన మనిషి. తొంభై మూడు దాటకపోతే హెవీవెయిట్ కాడు. హెవీవెయిట్ కాకపోతే జోగిందర్ లేడు.

"స్టేషన్ల మిషన్ ఉన్నది గద ఉస్తాద్, రూపాయేస్తె తిరుగుతది," అంది కళావతి. "దాని మీద నేనే సేటు కాంటా కంటె ఎక్కువ తూగిన. ఒక్కసారి దాని మీద..."

"రంగు లైట్లు తిరిగే మిషనమ్మా అది! బరువుతోపాటు జాతకం చెప్తది. దాని మాట నమ్ముతమా? ఇది సూడు, సర్కారు ముద్ర కాంటా. తాలూకా పత్తంత దీని మీదకెల్లి పోతది."

ముద్రకు ఎదురు చెప్పేంత చదువు కళావతికి లేదు. ఆమె నేరుగా టెంటుకు పోయింది.

"ఓ యుగేందరన్నా! దించుడు నీకు మంచిగనే వచ్చింది. ఇగ ఎక్కిచ్చుడు జూపియ్యి."

"ఏం ఎక్కిచ్చుడక్కా?"

"బరువు. నా పెనిమిటి నీకు నిండు మనిషిగ వచ్చిండు. నిండు మనిషిగ అప్పజెప్పు. లేకుంటె రేపటి సంది నేను కూసుంట ఈ టెంట్ల, నీ బజ్జీల ముచ్చట చెప్పుకుంట."

యుగేందర్ గబగబా ఆలోచించాడు. ఉద్యమంలో పస్తులకు టెంటు ఉన్నట్టే తినడానికీ ఒక కార్యక్రమం ఉంది. రోడ్డును ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుతినే వంటా వార్పు. హరిలాల్‌ను దీక్ష నుంచి తీసి అందులో వేశాడు.

హైదరాబాద్ రోడ్డు మీద రెండు వైపులా లారీలు ఆగిపోయాయి. మధ్యలో కనుచూపు మేర మూడు రాళ్ల పొయ్యిలు, పొగ. సంఘానికో వంట గంజు. మైకులో యుగేందర్ గొంతు చించుకుంటున్నాడు.

"హరిలాలన్న బరువు ఒక్కని బరువు కాదు! నాలుగు కోట్ల ప్రజల బరువు!"

"గంత బరువైతె రైలెట్ల మోస్తదే?" అన్నారెవరో గుంపులోంచి.

గొల్లలు మాంసం పెట్టారు, గౌడ్లు కోడికూర పెట్టారు, తండా ఆడవాళ్లు జొన్నరొట్టెలు దొంతర్లుగా పెట్టారు. ఒకరిది తిని ఇంకొకరిది వద్దంటే కులం చిన్నబోతుంది కాబట్టి అన్నీ తిన్నాడు. ఎండలో ఇరుక్కుపోయిన తెనాలి లారీ డ్రైవరు కూడా ఉండబట్టలేక ఆవకాయ జాడీ పట్టుకుని దిగి వచ్చాడు. "తినండి బాబూ, ఇంత మనిషి చప్పిడి తింటే ఎలా?" అని ముద్ద కలిపి పెట్టాడు. ఆ పూట పెరిగిన బరువులో ఆంధ్రుల వాటా ఎంతో ఏ నాయకుడూ లెక్క తేల్చలేదు.

రోజుకో ఊళ్లో వంటా వార్పు. తిన్నాక సేటు కాంటా. గింజ గింజా పోగైనట్టు ముల్లు పాక్కుంటూ పాక్కుంటూ తొంభై మూడు గీతను తాకింది. అంతలో సమ్మె ఆగింది, రైళ్లు కదిలాయి. ముంబయి పోయే బండిలో దారి పొడుగునా ఎల్లస్వామి ఉడకబెట్టిన కోడిగుడ్లు ఒలిచి పెడుతూనే ఉన్నాడు. హరిలాల్‌ను మరుగుదొడ్డికి పోనివ్వడానికి కూడా భయపడ్డాడు.

తూకం రోజున హరిలాల్ ఊపిరి బిగబట్టి మిషను ఎక్కాడు. ఊపిరి కూడా ఎంతో కొంత తూగుతుందని ఉస్తాద్ చెప్పాడు.

తొంభై తొమ్మిది.

ఎల్లస్వామి నమ్మలేదు. దింపి మళ్లీ ఎక్కించాడు. తానెక్కి చూసుకున్నాడు. సేటు కాంటా మీద కంటే తానూ ఎక్కువే తూగాడు. మిషను చెడిపోయిందని గొడవకు దిగబోతే, అక్కడివాళ్లు ఇనుప బిళ్లలు తెచ్చి పెట్టి చూపించారు. మిషను సరిగ్గానే ఉంది.

హరిలాల్ ఒక మూల బల్ల మీద కూర్చున్నాడు. ఎన్ని బోరాలు తన భుజం మీద ఆ కాంటా ఎక్కాయో! తండా పత్తి, తండ్రి పత్తి. మోసేటప్పుడు ఎక్కువ బరువు, తూచేటప్పుడు తక్కువ బరువు అనిపించేది. తన ఒంట్లోనే బలం తగ్గిందేమోలే అనుకునేవాడు. ఫోన్ తీసి కళావతికి చెప్పాడు.



"రంగు లైట్ల మిషన్ నిజం చెప్పింది, ముద్ర కాంటా అబద్ధం చెప్పింది," అంది కళావతి. "సరే. నువ్వు ఆ జోగిందర్‌ను సూసుకో. గిక్కడిది మేం సూసుకుంటం."

మర్నాడు జాలీ తలుపు మూశారు. ఎదురుగా జోగిందర్. నిజమైన మనిషి, జ్వరం లేని మనిషి. మొదటి గుద్దు దవడ మీద పడింది. హరిలాల్‌కు కళ్లు బైర్లు కమ్మాయి, కమ్ముతూనే ఒక సంగతి తెలిసింది. దెబ్బ తిన్నాక కూడా తాను నిలబడే ఉన్నాడు. వంగి ఆ మనిషిని నడుము దగ్గర పట్టి, పత్తి బోరంలా ఎత్తి పడేశాడు. జనం కేకలు వేశారు. "తాకిందా అన్నా?" అన్నాడు అలవాటు కొద్దీ. తెలుగు రాని జోగిందర్ అది తిట్టనుకుని మరింత గట్టిగా గుద్దాడు. రెండోసారి ఎత్తేసినప్పుడు మాత్రం హరిలాల్ ఏమీ అడగలేదు. రెండో రౌండులో హర్యానావాడు వెనకనుంచి మెడకు చెయ్యి వేశాడు. హరిలాల్ ఉన్న బలమంతా పెట్టి గింజుకున్నాడు. చివరికి ఊపిరి అందక, ఓటమి ఒప్పుకుంటూ ఆ చేతి మీద తట్టాడు. ఓడిపోయాడు. లేచాక జోగిందర్ అతన్ని కావలించుకుని హిందీలో ఏదో అన్నాడు. హరిలాల్‌కు సగమే అర్థమైంది. ఆ సగమే చాలనిపించింది.

జనగామ స్టేషనులో డప్పులు సిద్ధంగా ఉన్నాయి. "విజయోత్సవ ర్యాలీ" అని బ్యానరు కూడా ముందే అచ్చేయించారు. వైకుంఠం సేటు జాడ లేదు. తండా ఆడవాళ్లు పత్తి లెక్క తేల్చమని అతని కాంటా చుట్టూ కూర్చుని రెండు రోజులైంది. దానికి మాత్రం ఏ షామియానా లేదు. కళావతి అక్కణ్నుంచే నేరుగా స్టేషనుకు వచ్చింది.

యుగేందర్ రైలు డబ్బాలోకే ఎక్కి వచ్చాడు. ఉబ్బి మూసుకుపోయిన హరిలాల్ కన్ను చూసి బ్యానరు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఓడిపోయిన అనకన్నా. కుట్ర చేసిన్రు అను. తెలంగాణోడని కావాలని ఓడగొట్టిన్రు అను. ఎల్లుండి బంద్ పెడదాం. నీ కన్ను ఫోటో ఒక్కటి చాలు."

ప్లాట్‌ఫారం మీద దిగగానే మైకు చేతిలో పెట్టారు. హరిలాల్ జనాన్ని చూశాడు.

"నన్ను జోగిందర్ కొట్టిండు," అన్నాడు. "మంచిగ కొట్టిండు. కుట్ర లేదు గిట్ర లేదు. నేను ఓడిపోయిన."

డప్పులు ఆగిపోయాయి. యుగేందర్ మైకు లాక్కోబోతే అది హరిలాల్ పిడికిట్లోంచి రాలేదు. అప్పుడు బుట్టలో సీతాఫలాలు పెట్టుకుని అమ్ముకునే ఓదెమ్మ ముందుకొచ్చింది.

"మరి నువ్వు కొట్టలేదా బిడ్డా?"

"కొట్టిన అవ్వా. రెండుమార్లు ఎత్తేసిన. మొదటిమారైతె జాలీ అదిరింది."

"ఆడు లేసిండా?"

"లేసిండు. గట్టోడు."

"ఏది, ఇటు వంగు." ఓదెమ్మ వాచిన చోట వేలు పెట్టి నొక్కి చూసింది. "నొప్పా?"

"బాగ నొప్పి," అన్నాడు హరిలాల్. ఆ మాట అనేటప్పుడు అతని మొహం వెలిగిపోవడం కళావతి చూసింది. ఇన్నాళ్ల శాలువలకు, దండలకు ఆ మొహం ఒక్కసారి కూడా అలా కాలేదు. అతని సంచి అందుకుంది.

అచ్చేయించిన బ్యానరు వృథా పోనివ్వడం యుగేందర్‌కు ఇష్టం లేదు. విజయోత్సవ ర్యాలీ విజేత లేకుండానే డప్పులతో చౌరస్తా వైపు కదిలింది. ప్లాట్‌ఫారం మీద హరిలాల్ ఓదెమ్మ బుట్ట పక్కన చతికిలబడి, తలుపు మూసిన దగ్గర్నుంచి, ఒక్క దెబ్బ కూడా వదలకుండా చెప్పడం మొదలుపెట్టాడు.