అమ్మ పుస్తకాల దగ్గర ఆగినప్పుడు

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ గురించి ముందుగా నాకొక ఫిర్యాదు ఉంది. మూసిన దుకాణాల ముందంతా పాత పుస్తకాల కుప్పలే. అడుగు వేయాలంటే ఎవరో ఒక రచయితను తొక్కాలి. నాంపల్లిలోని మా ఇంటి నుంచి చర్చికి పావుగంట నడక. పుస్తకాల పుణ్యమా అని అరగంట.

పోయిన ఏడాది ఈస్టర్‌కు ముందు, మేం ఉపవాసాలుండే తపస్సు కాలంలో, అమ్మ కూడా ఆ కుప్పల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. అమ్మ పేరు ఆగ్నెస్. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. జీవితమంతా ఆమె చదివినవి రెండే: బైబిలు, పేషెంట్ల కేస్‌షీట్లు. అలాంటిది ఒక ఆదివారం బ్యాంకు పరీక్షల గైడు తెరిచి దీక్షగా చూస్తూ నిలబడింది. పుస్తకం తలకిందులుగా ఉంది.

"చర్చిల పూజకు టైమైతుందమ్మా."

"జర ఆగు. చదువుతున్న."

ఆ శుక్రవారం చర్చిలో సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన పద్నాలుగు స్థలాల ప్రార్థన. ఒక్కో స్థలం దగ్గర మోకరించాలి, లేవాలి, మళ్ళీ మోకరించాలి. సగంలో మోకరించిన అమ్మ ఇక లేవలేదు. అందరూ తరువాతి ప్రార్థనకు లేచినా ఆమె నేలమీదే ఉంది.

"చూసినవా, నర్సమ్మకు ఎంత భక్తో!" అంది వెనకున్నామె. కొడుకుగా నేనూ కొంత గర్వపడ్డాను. వంగి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి.

"జర లేపు బిడ్డా. లేవొస్తలేదు."

ఉపవాసం నీరసమని ఆమె డయాగ్నోసిస్. లక్డీకాపూల్‌లో గుండెకు ఎకో స్కాన్ తీసిన డాక్టరమ్మది వేరే అభిప్రాయం. "సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్. గుండెలో వాల్వ్ సరిగ్గా తెరుచుకుంటలేదు. నడిస్తే దమ్మొచ్చేది అందుకే. ఓపెన్ హార్ట్ చేసి మార్చాలె. లేటు చేస్తే ప్రాణానికే ప్రమాదం."

"ఈస్టర్ అయినంక చూద్దాం," అంది అమ్మ.

"అప్పటిదాక ఆగుతవా అని మీ గుండెనడిగిన్రా?"

ఈస్టర్ వచ్చింది, పోయింది. అమ్మ ఆపరేషన్ ఊసెత్తలేదు. నాన్న పోయాక నైట్ డ్యూటీలు చేసి నన్ను చదివించిన మనిషి ఆమె. శనివారం రాత్రి డ్యూటీ దిగి, తెల్ల చీరతోనే నేరుగా పూజకు వచ్చేది. ప్రసంగం సేపు మాత్రం నిద్రపోయేది. అది ఫాదర్‌కూ సమ్మతమే అనుకుంటాను. అంత ధైర్యస్థురాలికి భయమేమిటో నాకర్థం కాలేదు. అడిగితే చివరికి చెప్పింది.

"ఆపరేషన్ థియేటర్ తలుపు దాక పేషెంట్ల స్ట్రెచర్ పక్కన నడుస్తుంటి. చెయ్యి పట్టుకొని, ఏం గాదు అంటుంటి. అందరు తిరిగి రాలే బిడ్డా."

నేను ఎకో రిపోర్టు మడిచి మళ్ళీ కవరులో పెట్టాను.

రోగులకు పూసే అభ్యంగన తైలం కోసం ఆమే ఫాదర్‌ను ఇంటికి పిలిపించింది. దాంతో సరిపెట్టేద్దామని ఆలోచన. ఆయన నుదుట, చేతులకు తైలం పూసి, ప్రార్థన ముగించి, డబ్బీ మూత పెడుతూ అన్నాడు: "నూనె నా దగ్గరుంది ఆగ్నెసమ్మా. వాల్వ్ మాత్రం డాక్టర్ దగ్గరనే ఉంది."

అమ్మ లేచి నిలబడింది. దవాఖానకు పోవాలి, చెప్పులు ఎక్కడున్నాయని అడిగింది.

ఆపరేషన్ రోజు థియేటర్ తలుపు దాకా చెయ్యి పట్టుకొని నడిచింది నేను. ఏం గాదు అన్నాను. నమ్మినట్టు తలూపింది, ఆ మాట ఎంతవరకు పనిచేస్తుందో ఆమెకు తెలియనిది కాదు.

ఆపరేషన్ బాగానే అయింది, కానీ వార్డుకు మార్చాక అమ్మ గుండె లయ తప్పింది. "ఏఎఫ్‌లోకి పోయిన్రు," అంటూ మళ్ళీ ఐసీయూకు పరుగెత్తించారు. గాజు తలుపు బయట జపమాల పట్టుకొని కూర్చున్నాను. ఏ పూస దగ్గర ఉన్నానో మాటిమాటికీ మరిచిపోయాను. లోపలికి పిలిచేసరికి అమ్మ డ్రిప్ వేగం సరిగ్గా లేదని చెబుతోంది.

"అమ్మా, ఈడ మీరు పేషెంటు," అంది డ్యూటీ నర్సు. బతికిందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

ఇప్పుడు అమ్మ రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోంది. చర్చిలో మోకరించకుండా కుర్చీలో కూర్చుంటుంది. దేవుడు ఏమీ అనలేదని చెబుతోంది. చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్ళు నడిచే దారిలో కొత్తగా ఆగడం మొదలుపెడితే, అది వయసనో భక్తనో సరిపెట్టుకోకండి. ఎకో చేయించండి.

మొన్న ఆదివారం అమ్మ పుస్తకాల కుప్పలు దాటుకుంటూ ముందు వెళ్ళిపోయింది. కొంతసేపటికి వెనక్కి వచ్చింది. నేను ఒక కుప్ప దగ్గర ఇంటర్ బాటనీ గైడు పట్టుకొని నిలబడి ఉన్నాను. అమ్మ పుస్తకం వైపు చూడలేదు. నా మణికట్టు పట్టుకొని నాడి చూసింది.

"అది చదివే మొహం గాదు," అంది. "రేపు నడువు దవాఖానకు."