ఆవాలు కదలలేదు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. ఖమ్మంలో మాది కిరాణా కొట్టు. తక్కెడలో పెట్టి చూపించలేని సరుకును నేను ఎన్నడూ కొనలేదు, అమ్మలేదు. ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు సిగ్గుపడ్డది అందుకే.

తొంభైల నాటి మాట. జీపులకు, కార్లకు పాటల పెట్టెలు బిగించే పని నేర్చుకోవాలని పిచ్చి పట్టింది నాకు. బేసు పడితే గుండెల మీద గుద్దినట్టుండాలి, అదీ నా కోరిక. నేర్పేవాడెవరూ లేడు. బెజవాడలో రెండు పెద్ద వూఫర్లు, అంటే బేసు పలికే స్పీకర్లు, బేరమాడి తెచ్చాను. నా బేరానికి విసిగి ఆ దుకాణదారు తీగలు ఎలా కలపాలో చెప్పకుండానే పంపించేశాడు.

నాయన గడువు పెట్టాడు. శ్రీరామనవమిలోపు ఒక్క బండికైనా బిగించి అమ్మితే కొట్టు పక్క గది నాది. లేదంటే జన్మంతా తక్కెడ ముందే.

దొరికిన ఒకే ఒక్క గిరాకీ మల్లయ్య. కొత్తగూడెం నుంచి భద్రాచలానికి జీపు నడిపేవాడు. నవమికి జనం విరగబడి వస్తారు, పాట గట్టిగా మోగే జీపే ముందు నిండుతుందని ఆయన ఆశ.

ప్లైవుడ్ కోసి పెట్టె చేశాను. పాట వినిపిస్తుంది, బేసు దెబ్బ లేదు. విప్పి పెద్దది చేశాను. మళ్లీ చిన్నది చేశాను. లోపల దూది కుక్కాను, గోనెసంచులు కుక్కాను. వూఫర్లు అసలు కదులుతున్నాయా అని వాటి మీద ఆవాలు పోసి చూసేవాణ్ణి. ఆవాలు చక్కగా ఎగిరి ఇల్లంతా పడేవి. దెబ్బ మాత్రం రాదు. ఊడ్వలేక అమ్మ ఆవాల డబ్బా దాచిపెట్టింది. కిరాణా కొట్టు వాడికి ఆవాలు దాస్తే ఏం లాభం?

"తక్కెడ ముందు కూసో బిడ్డా," అన్నాడు నాయన. "అది మోగకున్నా తూగుతది."

జీపు వెనక నేల మీద, వూఫర్లు పైకి చూసేలా పెట్టె బిగించి, నవమికి ముందు ఒక పొద్దున మల్లయ్యా నేనూ బయలుదేరాం. పాల్వంచ దాటేదాకా ఆయన మూతి విరుస్తూనే ఉన్నాడు. "ఏంది సేటూ, డబ్బాల ఈగ జొర్రినట్టుంది," అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అడవి మొదలయ్యాక ఒక మలుపులో దెబ్బ మొదలైంది. నేను కలగన్న దెబ్బ అదే. పాట తాళానికి తూచినట్టు పడుతోంది. కింద సీటు అదురుతోంది. మల్లయ్య జీపు పక్కకు తీసి ఇంజను ఆపాడు. దెబ్బ ఇంకా బాగా తెలిసింది. ఆయన ముఖం విప్పారింది.

"అవ్, గిట్ల గావాలె. ఇగ ఏం ముట్టకు."

మనసులో అప్పటికే ధర పెంచేశాను. కాస్త గొప్ప చూపిద్దామని వెనక్కి వెళ్లి, పరీక్షకని జేబులో వేసుకొచ్చిన ఆవాలు వూఫర్ల మీద పోశాను.

పోసినచోటే ఉన్నాయి. ఒక్క గింజ కదలలేదు. చెయ్యి ఆనించి చూశాను, వూఫర్‌లో చలనం లేదు. వంగి చూస్తే, యాంప్లిఫయరు నుంచి పెట్టెకు వచ్చే తీగ కుదుపులకు ఊడి వేలాడుతోంది. పాట వస్తున్నది జీపు ముందున్న చిన్న స్పీకర్లలోంచే.

తీగ మల్లయ్యకు చూపించాను. ఆయన ముందుకు వెళ్లి టేపు ఆపేశాడు. పాట ఆగింది. దెబ్బ ఆగలేదు. మిగిలిన చరణమంతా తాళం తప్పకుండా నడిచి, అది ముగిసే చోట ఆగింది.

డప్పేమో అన్నాను. దగ్గరలో గూడెం లేదన్నాడు, ఆ దారిలోనే పుట్టి పెరిగిన మనిషి. సారపాక కాగితం మిల్లుకు వెదురు మోసే లారీలు కూడా అంతసేపూ ఒక్కటీ రాలేదు. బొగ్గు గనుల పేలుళ్లనుకుందామా, మా పాట తాళం వాటికెలా తెలుస్తుంది?

మల్లయ్య స్పానర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇప్పు సేటూ."

"గిట్లనే గావాలంటివి గదన్నా."

"నీ డబ్బాల మోగితే గావాలంటి. ఇది నీ డబ్బాల మోగలే."

 నా పెట్టె నేనే విప్పుకున్నాను. బేసు రాలేదని దారంతా సతాయించిన మనిషి, తీరా వచ్చాక వద్దన్నాడు.

నవమి వెళ్లిపోయింది. నేను తక్కెడ ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఒక రేడియో మెకానిక్ నా తప్పు పట్టుకున్నాడు. ఒక వూఫర్‌కు తీగలు తిరగేసి కలిపానట. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, దాంతో రెండు దెబ్బలూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. సరిచేశాక బాగానే మోగింది. ఆ మలుపులో విన్న దెబ్బ మాత్రం కాదు.

ఒకసారి భద్రాచలం బస్సులో పోతూ, ఆ మలుపు దగ్గర అరచేతిలో ఆవాలు పోసుకుని కూర్చున్నాను. కండక్టరు ఆగి చూశాడు.

"ఎవలకు దిష్టి దీస్తున్నవన్నా?"

 బస్సు కుదుపుకు ఆవాలు అటూ ఇటూ దొర్లాయి. దాంతో ఏమీ తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.