టైలరు పెట్టిన కేసు

టైలరు పెళ్లాం మీద కేసు పెట్టాడన్న మాట ఈ వీధిలో వినని చెవి లేదు. పిల్లని తన దగ్గరే ఉంచుకోవడానికి పెద్ద కేసే పెడుతున్నాడట, పిల్లకి తల్లినే మార్చేస్తాడట, అందుకే మధ్యాహ్నం పూట కొట్టు మూసి ఎక్కడికో పోయి వస్తున్నాడట. ఈ ‘అట’లన్నీ పోగేస్తే ఒక కోర్టు కట్టొచ్చు. ఇందులో కొట్టు మూసి పోయి వచ్చిన మాట ఒక్కటే నిజం. మిగతాది ఎక్కడ పుట్టిందో, ఎలా ఒళ్లు చేసిందో, ఎవరి గుమ్మం దాకా పోయి కూర్చుందో వరసగా చెప్పుకుంటే తప్ప ఆ మనిషికి న్యాయం జరగదు.

టైలరు కొట్టు వీధి మలుపులో ఉంది. ముందు గదిలో కుట్టు మిషను, నిలువుటద్దం. తెర తీస్తే వెనక గది, అందులో ఓ మంచం, ఓ స్టవ్వు, ఓ కిటికీ, గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. మనిషి మంచివాడే. చొక్కా అన్న రోజుకి ఇస్తాడు. ఊడిన గుండీ ఊరికే కుట్టిపెడతాడు. లోపమల్లా నోటి దగ్గరే. ఆ నోట్లోంచి కొలతలు తప్ప మాటలు రావు. “బాగున్నావా నాయనా” అని ఎవరైనా పలకరిస్తే, కిందనుంచి పైదాకా ఓసారి చూసి, “నడుము దగ్గర కాస్త పెరిగారు” అంటాడు. పలకరించినవాళ్లు మళ్లీ ఆ పొరపాటు చెయ్యరు.

ఆ నోటి మూలంగానే కాపురం విడిపోయింది. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. ఓ సాయంత్రం భార్య సంచీ సర్దుకొచ్చి గుమ్మంలో పెట్టి, “నేనుండాలని ఉందా మీకు, లేదా? ఒక్క మాట చెప్పండి చాలు” అని అడిగింది. మిషను తొక్కుతున్నవాడు తలెత్తి, “ఈ కాలరు అవగానే చెబుతా” అన్నాడు. కాలరు అయ్యేసరికి గుమ్మంలో సంచీ లేదు. ఆమె పిల్లని తీసుకుని ఊరికి ఆ చివర అద్దెకి దిగింది. అక్కడే ఒక ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర పనికి కుదిరింది. ఆ కాలరు ఎవరి చొక్కాదో, ఏ రంగుదో టైలరుకి ఇప్పటికీ గుర్తే.

పిల్ల హైస్కూల్లో చదువుతోంది. ఒక్క చోట కుదురుగా కూర్చోదని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పడిపోయింది. సెలవులకి తండ్రి దగ్గరికి వస్తుంది. వస్తుందన్నమాటే గాని, పోయినసారి రెండో రోజుకే సంచీ భుజాన వేసుకుని, “నాన్నా, నువ్వు మిషను ముందు కూర్చుంటావు, నేను నీ వీపు ముందు కూర్చుంటా. ఇక్కడ నాకేం పని?” అంది. టైలరు పిల్లని బస్సెక్కించి వచ్చాడు. వచ్చి, కుట్టిన చొక్కానే విప్పి మళ్లీ కుట్టాడు.

అలాంటి పిల్ల ఈసారి సెలవులకి ముందే తనంతట తను ఫోన్ చేసింది.

“నాన్నా, ఈసారి వస్తే మనిద్దరం ఒక కంప్యూటర్ కడదామా? గేములాడుకునేది.”

“కట్టడమేంటే? అదేమన్నా ఇల్లా?”

“విడి సామాన్లు కొని మనమే బిగించుకుంటాం. కొట్లో రెడీగా దొరికేది నాకొద్దు.”

“ఎందుకొద్దు?”

“రెడీమేడ్ ఎవడి ఒంటికీ సరిగ్గా అతకదని పొద్దస్తమానం చెప్పేదెవరు?”

ఆ మాటకి టైలరు చిత్తయిపోయాడు. తన మాట తన కూతురి నోట వినడం కన్నా సంతోషం ఇంకేముంటుంది! పిచ్చుక ఊరుకుంటుందా, ఇంకో మాట కూడా అంది. “అది నడిచిందనుకో, సెలవులన్నీ నీ దగ్గరే. నడవలేదనుకో, రెండో రోజు బస్సే. అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు. గేములంటే ఒంటికాలి మీద లేస్తుంది. అయ్యాక నేనే మెల్లగా చెబుతా.”

ఆ అమ్మాయి నవ్వుతూనే అంది. వినేవాడు మాత్రం నవ్వుతూ వినలేదు.

మధ్యాహ్నాలు కొట్టు మూసింది అందుకు. కంప్యూటరు సామాన్ల కొట్టుకి పోయి, అక్కడ అద్దాల పెట్టెల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని పిచ్చుక చెప్పిన పాఠం వినేవాడు. ప్రాసెసరంటే బుర్ర. అది కూర్చోవడానికి మదర్‌బోర్డు మీద సాకెట్టనే చోటుంటుంది. ప్రతి బుర్రా ప్రతి సాకెట్లో కూర్చోదు.

“అంటే గుండీ, కాజా లాంటివన్నమాట,” అన్నాడు టైలరు.

“అబ్బ, నాన్నా! అంతే. ర్యామ్ కూడా ఆ బోర్డుకి పడే రకమే కొనాలి, లేకపోతే గాడిలో దిగదు. బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డుందే, అది కరెంటు తెగ తాగుతుంది. దానికి సరిపడా పవర్ సప్లై లేకపోతే ఆట మధ్యలో ఆరిపోతుంది.”

“తెలిసింది. పైగుడ్డ మంచిదే వేసి లైనింగు నాసిది వేస్తే, మొదటి ఉతుక్కే లోపల ముడుచుకుపోయి కోటంతా పాడవుతుంది. ఏదీ దానికదే మంచిదయితే చాలదు, పక్కదానికి పొసగాలి.”

ఇలా తండ్రీ కూతుళ్లు ఫోన్లో మాట్లాడుకున్న మాటలు, కాపురం ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకుని ఉండరు.

ఇక పుకారు సంగతి. టైలరు ఏరి పెట్టుకున్న ప్రాసెసరుకీ, కొట్టువాడు చూపించిన బోర్డుకీ సాకెట్టు కలవలేదు. ఆ సంగతి చెబుదామని టైలరు తన కొట్లోంచే ఆ కొట్టువాడికి ఫోన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడ చొక్కాల మూట పట్టుకుని గుమ్మం ఎక్కింది. ఆవిడ మంచి మనిషే గాని, నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ చెవిన పడింది ఇదీ:

“మదర్‌తో పొసగదండీ... ఆఁ, మార్చాల్సిందే. ఇంకో మార్గం లేదు... కేసు మాత్రం పెద్దదే కావాలి. చిన్న కేసయితే లోపల ఊపిరాడదు... ఎంత ఖర్చయినా సరే, పిల్ల సెలవులకొచ్చే లోపల అయిపోవాలి.”

కంప్యూటరు సామాన్లన్నీ లోపల పెట్టి బిగించే ఇనప పెట్టెని కేసంటారని ఇస్త్రీ ఆవిడకి ఎవరు చెప్పాలి? కేసంటే ఈ వీధికి తెలిసింది ఒక్కటే. ఆవిడ మూట అక్కడే దింపి, “అన్నా, అంతదాకా వచ్చిందా?” అంది.

“వచ్చేసింది. రేపు చేతిలో పడుతుంది,” అన్నాడు టైలరు, ఫోను పక్కన పెడుతూ.

“వదిన పాపం...”

“ఆమెకింకా తెలీదు. మీరు కూడా అనకండి.”

ఇంకేం కావాలి! అనకండి అన్న మాట ఆవిడ అన్నిచోట్లా అంది. ఆవిడ ఆడపడుచు మోకాలి నొప్పికి చూపించుకునేది టైలరు భార్య పనిచేసే ఆసుపత్రిలోనే. చీటీ తీసుకుంటూ కిటికీలోంచి తల లోపలికి దూర్చి, జాలి జాలిగా అంతా చెప్పేసింది.

ఆ భార్య కూడా ఏం తక్కువది కాదు. ఫోన్ తీసి “ఇది నిజమేనా” అని మొగుణ్ణి అడిగితే తేలిపోయేది. కానీ ఓసారి అడిగి కాలరు దగ్గర ఆగిపోయిన మనిషి, మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? మింగలేక కక్కలేక, కూతురితో మాత్రం, “ఈ సెలవులకి అటు పోవద్దు” అంది.

పిచ్చుక ఏడుపు గొంతుతో తండ్రికి ఫోన్ చేసింది. “అమ్మ పంపనంటోంది నాన్నా. ఎందుకో చెప్పట్లేదు. నువ్వు అడుగు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? అడుగు!”

“ఒక ప్యాంటు ఇవ్వాల్సుంది. ఇచ్చేసి...” అని, సగంలో ఆగాడు. ఆ మాట తనకే ఎక్కడో విన్నట్టనిపించింది. ఫోను పెట్టేశాక భార్య నెంబరు తీసి చాలాసేపు చూశాడు. వేలు ఆడలేదు. మనిషికి నోరు రాకపోతే చేతులే దిక్కు. కత్తిరించే బల్ల మీద గుడ్డలన్నీ తీసేసి, కొత్త దుప్పటి పరిచి, కొన్న సామాన్లు ఒక్కొక్కటే తెచ్చి పేర్చాడు. పంపినా పంపకపోయినా ఇది మాత్రం తయారుగా ఉండాలనుకున్నాడు.

మర్నాటితో సెలవులు మొదలు. ఆ మధ్యాహ్నం ఫోనుని వెనక గది కిటికీకి ఆనించి, అవతల పిచ్చుక చూస్తుండగా పని మొదలెట్టాడు. ప్రాసెసరు సాకెట్లో కూర్చుంది. ర్యామ్ టక్కుమని గాడిలో దిగింది. బోర్డు కేసులో బిగుసుకుంది. లోపల గాలి బాగా ఆడాలని ముందువైపు రెండు ఫ్యాన్లు లోపలినుంచి బిగించాడు. ఆఖరికి గ్రాఫిక్స్ కార్డు తీశాడు. దించబోతే దిగదు. ఇటు తిప్పాడు, అటు వంచాడు. కార్డు కొస పోయి ఫ్యానుకి తగులుతోంది.

టైలరు టేపు తీసి మళ్లీ కొలిచాడు. కొలత తప్పడమంటే ఆయనకి పరువు తప్పడమే. “కొట్లో టేపు పెట్టి మరీ కొలిచానే! వేలెడు వదులుంది!”

“ఫ్యాన్లు పెట్టాక కొలిచావా, ఖాళీ కేసు కొలిచావా?”

టైలరు టేపు కొస పట్టుకుని అలాగే కూలబడ్డాడు. “ఖాళీదే కొలిచానే. ఒంటి కొలత తీసుకుని, లోపల బనియను వేసుకుంటారని మర్చిపోయా.”

పిచ్చుక ఎంత నవ్విందంటే, అవతల ఫోను చేతిలోంచి జారి పడింది. “ఏం పర్లేదు నాన్నా. కార్డుకి అడ్డమొచ్చే ఫ్యానొక్కటి తీసి పైకప్పులో పెట్టు, అక్కడ కూడా రంధ్రాలున్నాయి చూడు. ఆఁ... అదీ! కేసులో సరిపోయింది! ఇక మనదే గెలుపు. అమ్మకి మాత్రం ఇప్పుడే తెలియకూడదు. కేసు మూసేశాక చెబుదాం!”

తలనొప్పిగా ఉందని పని మధ్యలో ఇంటికొచ్చిన తల్లి, చెప్పులు విడుస్తూ గుమ్మంలో విన్నది సరిగ్గా ఈ ఆఖరి ముక్కలే.

కూతుర్ని కూడా కేసులోకి లాగాడా! ఆమెకి ఒళ్లంతా భగ్గుమంది. విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది. “అమ్మా, అది కాదు, నే చెప్పేది విను” అని పిల్ల ఎంత మొత్తుకుంటున్నా వినకుండా రెక్క పట్టుకుని బయల్దేరదీసింది. దారి పొడుగునా, “నువ్వు మాట్లాడకు. నీ చేత చెప్పించుకోవడానికి రావట్లేదు నేను. ఆయన నోటితో చెప్పాలి” అని ఒకటే మాట.

టైలరు అప్పటికి తీగలన్నీ తగిలించి, కేసు పక్క మూత చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆటో ఆగిన చప్పుడికి తెర తీసుకుని ముందు గదిలోకి వచ్చాడు. గుమ్మంలో భార్య, ఆమె చేతిలో పిల్ల రెక్క. అదే గుమ్మం. ఈసారి సంచీ లేదు. ఎదురుగా ఇస్త్రీ ఆవిడ పెట్టె చొక్కా మీదే వదిలేసి, కాలిన వాసన కూడా పట్టించుకోకుండా మెడ చాచి చూస్తోంది.

“ఊరంతా చెప్పుకుంటోంది. నాకు ఊరి మాటలక్కర్లేదు,” అంది భార్య. “సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. కేసు పెట్టారా, లేదా?”

మిషను మీద సగం కుట్టిన ప్యాంటు ఉంది. టైలరు చూపు అలవాటు చొప్పున దాని మీదికి పోయింది. పోయినంత వేగంగానూ వెనక్కి వచ్చింది. మెడలోని టేపు తీసి అద్దానికి తగిలించాడు.

“పెట్టాను. వెనక గదిలో బల్ల మీద పెట్టాను, మూత ఇంకా వెయ్యలేదు, లోపలికొచ్చి చూడు. పిల్ల సెలవులన్నీ ఇక్కడ ఉండాలని పెట్టాను. మీట దాని చేతే నొక్కించాలని ఆగాను. ఆ కంప్యూటరు వెలిగేటప్పుడు నువ్వు కూడా పక్కనుంటే బాగుండునని ఉంది నాకు. ఆ రోజు కూడా ఉండాలనే ఉండింది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా, రా.”