కార్డు వెనుక పెన్సిలు మాట

మధ్యాహ్నం రెండయిందంటే గంగమణి బీడీల చాటను పక్కకు జరిపేది. ఒళ్ళో పడిన తంబాకు దులుపుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, చాప మీద భర్తకు ఎదురుగా కూర్చునేది. లక్ష్మీరాజం సంచిలోంచి కార్డుల కట్ట తీసి, ఒక్కో కార్డు మీదున్న పుస్తకం పేరు పైకి చదివేవాడు. "దీన్ని ఏమని అడుగుతరు?" అనేవాడు. ఆమె చెప్పేది. అతను కార్డు తిప్పి వెనక పెన్సిలుతో రాసుకునేవాడు. మూడున్నరకు చాయ్ తాగి మళ్ళీ డ్యూటీకి పోయేవాడు. పద్దెనిమిదేండ్లు ఇట్లాగే నడిచింది.

ఇప్పుడు రెండయినా చాట ఒళ్ళోనే ఉంటుంది. ఆకు చుడుతుంది, దారం కడుతుంది, మళ్ళీ ఆకు తీసుకుంటుంది. లక్ష్మీరాజం పోయి ఎనిమిది నెలలు. ఏర్గట్ల ఊరికిచ్చిన కూతురు తన దగ్గరికి వచ్చి ఉండమంటే, "ఇంకొన్ని దినాలు కానీ బిడ్డా" అంటూ రోజులు జరుపుతోంది. గూట్లో పాత తువ్వాలలో చుట్టిన కార్డుల కట్ట ఉంది. అతను చివరిసారి తెచ్చినది. రోజూ గూడు తుడుస్తుంది గానీ కట్ట ముడి మాత్రం విప్పలేదు.

లక్ష్మీరాజం బోధన్‌లో రైతు పఠనాలయంలో అటెండరు. తలుపులు తీయడం, బల్లలు తుడవడం, పేపర్లు కుట్టడం అతని పని. రాత ముత్యాల్లా ఉంటుందని అప్పటి లైబ్రేరియన్ కార్డులు రాసే పని కూడా అతనికే అప్పజెప్పాడు. పుస్తకానికి ఒక కార్డు. దాని మీద పుస్తకం పేరు, రాసినవారి పేరు, నంబరు. కార్డులన్నీ చెక్క డ్రాయర్లలో, ఇనుప కడ్డీకి గుచ్చి ఉంటాయి. అచ్చు కార్డులు ఐపోయి కొత్తవి రానప్పుడు గంగమణే ఒక ఉపాయం చెప్పింది. తునికాకు కత్తిరించడానికి రేకు అచ్చు పెట్టుకుంటారు కదా, అట్లాగే కార్డు కొలతకు ఒక అచ్చు చేయించమంది. అప్పటినుంచి మిగిలిపోయిన పెళ్ళిపత్రికల అట్టలు తెచ్చి ఆమె ముందు పోస్తే, బీడీ ఆకు కత్తిరించినంత సులువుగా కార్డులు కత్తిరించి ఇచ్చేది.

వెనక రాసే అలవాటు మాత్రం నిజామాబాద్ ప్రయాణంతో మొదలయింది. ఎనభైనాలుగులో ఏదో పని మీద ఇద్దరూ బస్సులో వెళ్ళారు. పని అయ్యాక లక్ష్మీరాజం ఆమెను అక్కడి పెద్ద లైబ్రరీకి తీసుకుపోయి, పిడికిలంత మందమున్న పుస్తకం ఒకటి తెరిచి చూపించాడు.

"సూడు. దేశంల అచ్చయిన పుస్తకాల పేర్లన్ని ఇందుల ఎక్కిస్తరు. జాతీయ గ్రంథసూచి అంటరు."

"అన్ని పేర్లేనా? కత లేదా?"

"పేర్లే. రాసినోని పేరు, అచ్చేసినోని పేరు."

"మరి అడిగేటోనికి పేరే తెల్వకపోతే?"

లక్ష్మీరాజం ఆ పుస్తకాన్ని మెల్లగా మూసి యథాస్థానంలో పెట్టాడు. బస్టాండు దగ్గర మిర్చిబజ్జీలు తిని బస్సెక్కారు. బస్సు బోధన్ చేరబోతుండగా, చక్కెర ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన చెరుకు బండ్లు కనబడుతుండగా, "నువ్వన్నది నిజమే" అన్నాడు. మరుసటి రోజు రెండు గంటలకు ఇరవై కార్డులూ ఒక పెన్సిలూ పట్టుకుని ఇంటికి వచ్చాడు.

గంగమణి మూడో తరగతి వరకే చదివింది. కానీ వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఏ బాధను ఏ మాటతో చెప్పుకుంటారో ఆమెకు తెలుసు. 'లేఖా రచనా విధానము' అని అతను చదివితే, "దుబాయిల ఉన్నోనికి ఉత్తరం ఎట్ల రాయాలె" అనేది. 'పశు పోషణ' అంటే, "బర్రె చేపుతలేదు, పాలు దిగుతలేవు." 'వారసత్వ చట్టము' అంటే, "అన్నదమ్ములు పొలం కాడ కొట్టుకున్నరు." అతను నవ్వుతూనే అక్షరం పొల్లుపోకుండా రాసేవాడు. జనం అడిగే తీరు మారిందని తోస్తే పాత కార్డు మళ్ళీ ఇంటికి వచ్చేది, ఇంకో వరుస చేరేది. ఎవరు వచ్చి ఏమడిగినా నిమిషంలో పుస్తకం తెచ్చిస్తాడని లక్ష్మీరాజానికి ఊళ్ళో పేరు. "నాదేమున్నది, మా ఇంటిది చెప్తది" అని అతను అంటే వేళాకోళం అనుకునేవారు.

రెండువేల మూడు, ఏప్రిల్. ఒక గురువారం మధ్యాహ్నం ఒకావిడ గొడుగు మూసుకుంటూ వాకిట్లోకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి.

"గంగమణక్కంటే మీరేనా? నేను శారమ్మను. పఠనాలయానికి కొత్తగ వచ్చిన. లక్ష్మీరాజం గారి దగ్గర ముప్పై రెండు కార్డులున్నయని రిజిస్టర్ల రాసున్నది."

గంగమణి పీట వేసి మంచినీళ్ళిచ్చింది. శారమ్మ గ్లాసు ఖాళీ చేసి, కొంగుతో మెడ తుడుచుకుని, తన పని సంగతి చెప్పింది. పఠనాలయం కమిటీవాళ్ళు కంప్యూటర్ తెప్పించారు. నాలుగు నెలలుగా ఒక్కతే కూర్చుని కార్డులన్నీ అందులోకి ఎక్కించింది. పఠనాలయం మూసి ఉండే మధ్యాహ్నాలు కూడా అదే పని. ఈ ముప్పై రెండూ ఐతే ముగిసినట్టే.

"మరి కార్డులు?" అంది గంగమణి.

"శనివారం పాత కాగితాలాయన వస్తడక్కా. బస్తాలల్ల కట్టిపెట్టిన. డ్రాయర్లు తీసేస్తే రెండు బల్లలు పడ్తయంటున్నరు కమిటీవాళ్ళు."

వెనక రాసింది కూడా ఎక్కించారా అన్న మాట గంగమణి గొంతు దాకా వచ్చింది. చదువుకున్న మనిషి. నాలుగు నెలలు కష్టపడింది. బీడీలు చుట్టుకునే తను ఏమని అడుగుతుంది? "రేపు నేనే తెచ్చిస్త మేడం" అని మాత్రం అనగలిగింది.

ఆవిడ వెళ్ళాక చాట ముందు కూర్చుంది గానీ చెయ్యి ఆడలేదు. దవాఖాన నుంచి లక్ష్మీరాజం శవాన్ని తెచ్చిన రోజు కూడా ఆమె ఇంతగా బెదరలేదు. అప్పుడు, మనిషి పోయినా అతను కూర్చున్న చోటు మిగిలింది అనుకుంది. ఆరువేల కార్డుల వెనక ఇద్దరి మధ్యాహ్నాలూ ఉన్నాయి. శనివారం అవన్నీ బస్తాల్లో తూకానికి పోతాయి.

మర్నాడు పొద్దున తువ్వాల ముడి విప్పకుండానే కట్ట చంకన పెట్టుకుని బయలుదేరింది. ఇన్నేళ్ళలో పఠనాలయం ముందు నుంచి ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. లోపలికి మాత్రం ఎన్నడూ పోలేదు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి గుమ్మం పక్కన నిలబడింది. గోడవారన నాలుగు గోనె బస్తాలు మూతి కట్టి ఉన్నాయి. చూపు అటే పోయింది.

బల్ల దగ్గర ఒక ముసలి రైతు శారమ్మతో మాట్లాడుతున్నాడు. గంగమణి పోల్చుకుంది. చెరుకు పండించే భోజన్న. లక్ష్మీరాజం కోసం ఇంటికి కూడా ఒకటి రెండుసార్లు వచ్చాడు.

"పుస్తకం పేరేంది పెద్దాయనా?" అంటోంది శారమ్మ.

"పేరు తెలిస్తే ఇంట్లనే ఉంటుండె గద మేడం. నీ దాకెందుకొస్త?"

"దేని గురించి?"

"చెరుకు. ఆకులు ఎండుతున్నయ్. గడ నడిమికి చీరిస్తే లోపలంత ఎర్రగున్నది. కల్లు వాసనొస్తది. ముందటి యేడు నా తమ్మునికి గిట్లనే అయితే లక్ష్మీరాజం ఏదో పుస్తకం తెచ్చిచ్చిండు."

శారమ్మ మీటలు నొక్కింది. తెర మీద వరుసలు కదిలాయి. "చెరుకు అని కొడితే రోగాల పుస్తకం రాలే. వ్యవసాయం అని కొడితే మూడు వందల తొంభై పుస్తకాలు చూపిస్తున్నది. ఇవన్ని వెతకాలంటే..."

"లక్ష్మీరాజానికి బాధ చెప్తుంటి, లేసిపోయి తెస్తుండె. ఇప్పుడేమో గా టీవీకి చెప్పమంటున్నరు. దానికి చెరుకు తెల్సునా?" అని భోజన్న తువ్వాల భుజాన వేసుకున్నాడు. "తీయ్ మేడం, నీదేం తప్పున్నది. పంట ఎట్లున్నదో గట్లయితది."

అతను గుమ్మం వైపు తిరిగాడు. మనిషి అట్లా ఉత్త చేతులతో వెళ్ళిపోవడం గంగమణి చూడలేకపోయింది. ఇట్లా ఎవ్వరూ పోవద్దనే కదా ఆనాడు లక్ష్మీరాజం ఇరవై కార్డులతో ఇంటికొచ్చింది.

"సస్యరక్షణ," అంది. మాట తనకే కొత్తగా వినిపించింది. "మేడం, పుస్తకం పేరు సస్యరక్షణ. పచ్చ అట్ట ఉంటదంట. కార్డు వెనక సూడుండ్రి."

"వెనకనా?" అంది శారమ్మ.

కార్డులు డ్రాయరు వరుసలోనే కట్టలు కట్టి ఉండడం వల్ల వెతకడం కష్టం కాలేదు. మూడో బస్తా మూతి విప్పి, ఒక కట్ట తీసి, వేలితో కార్డులు తిప్పుతూ శారమ్మ ఒకచోట ఆగింది. కార్డు లాగి వెనక్కి తిప్పింది. చదివింది.

"చీరిస్తే ఎర్రగుండే చెరుకు. కల్లు వాసన."

భోజన్న ఆగిపోయాడు. "గదే."

శారమ్మ నంబరు చూసి అల్మారాలోంచి పుస్తకం తెచ్చి అతనికిచ్చింది. పచ్చ అట్టే. భోజన్న అక్కడే నిలబడి పేజీలు తిప్పి, ఎర్రబారిన చెరుకు గడ బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ యేడు దక్కినా దక్కకపోయినా, వచ్చే యేడు విత్తనమన్న మంచిగ ఏరుకుంట" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గంగమణి ముందు ఆగాడు. "లక్ష్మీరాజం నీ పేరే చెప్తుండె చెల్లె. మేమే నమ్మకపోతిమి."

గంగమణి తల వంచుకుంది. ఎనిమిది నెలల్లో పరామర్శకు వచ్చినవాళ్ళు చాలా మాటలు చెప్పారు. ఇది మాత్రం ఆమె వెంట తీసుకుపోదగ్గ మాట.

శారమ్మ బస్తా పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. ఒక కార్డు తిప్పింది. ఇంకొకటి. 'బర్రె చేపుతలేదు' దగ్గర నవ్వింది. 'బిడ్డ అడ్డం తిరిగింది, దవాఖాన దూరమున్నది' దగ్గర నవ్వు ఆగిపోయింది.

"నాలుగు నెలలు ముందు వైపే చూసిన అక్కా. ఒక్కటి గూడ తిప్పలేదు. పేరు తప్పు పోవద్దు, నంబరు తప్పు పోవద్దు, గదే నా రంది. వచ్చేటోళ్ళు ఎట్ల అడుగుతరో మా చదువుల ఎవ్వరు చెప్పలే."

"మీరు మస్తు పని చేసిండ్రు మేడం," అంది గంగమణి.

"నిన్న ఇంటికొస్తే చెప్పకపోతివి?"

"భయమైంది."

"నన్ను చూసి భయమా?" అని శారమ్మ లేచి చీర దులుపుకుంది. కాగితాలాయనకు ఫోన్ చేసి శనివారం రావద్దంది. తెర మీద ప్రతి పుస్తకానికీ అడుగున 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంది. అన్నిట్లోనూ ఖాళీగానే ఉంది. వెనక రాసినదంతా అందులో ఎక్కిద్దామంది. ఐతే పెన్సిలు కొన్నిచోట్ల మాసిపోయింది. "నువ్వు పక్కన కూసోవాలె అక్కా. నేను పేరు చదువుత, నువ్వు మాట చెప్పు. రెండు గంటలకు వస్తవా?"

రెండు గంటలకు. గంగమణికి కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెంటనే దొరకలేదు.

ఆ ఎండాకాలమంతా, వానలు మొదలైన తరువాత కూడా, ఆమె రెండింటికి చేతులు కడుక్కుని పఠనాలయానికి నడిచింది. శారమ్మ పేరు చదివేది. చాలావాటికి కార్డు చూడకుండానే మాట వచ్చేది. రానప్పుడు వెలుతురుకు పట్టి అతని అక్షరాలు కూడబలుక్కునేది. ఒక్కోసారి పాత మాట పక్కన కొత్త మాట చేర్పించేది. 'దుబాయి ఉత్తరం' దగ్గర "ఇప్పుడు అందరు ఫోన్లే మేడం, అయినా ఉండనియ్యి" అంది. శారమ్మ తన డబ్బాలోంచి చపాతీ తీసిస్తే, ఈమె ఉడకబెట్టిన పల్లీలు పట్టుకుపోయేది. కమిటీవాళ్ళు ఎందుకింత ఆలస్యమని అడిగితే, శారమ్మ వాళ్ళలో ఒకాయనతో "మీ ఇంట్ల ఏ బాధున్నదో చెప్పుండ్రి" అంది. ఆయన మోకాళ్ళ నొప్పులన్నాడు. అర నిమిషంలో పుస్తకం చేతికిచ్చింది. మళ్ళీ ఎవరూ అడగలేదు. డ్రాయర్లు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి.

చివరికి తువ్వాల కట్ట వంతు వచ్చింది. ముడి గంగమణే విప్పింది. కార్డులతో పాటు అతని పెన్సిలు కూడా అందులోనే ఉంది. ముప్పై ఒక్క కార్డుల వెనక పెన్సిలు రాత ఉంది. ముప్పై రెండోది ఖాళీ.

"భూగర్భ జల సంరక్షణ," అని చదివింది శారమ్మ. "దీని వెనక ఏం లేదక్కా."

గంగమణికి ఆ మధ్యాహ్నం గుర్తుంది. అతను ఇదే పేరు చదివి, "దీన్ని ఏమని అడుగుతరు?" అన్నాడు. "చాయ్ పొంగుతున్నది, దించి వచ్చి చెప్త" అంటూ ఆమె లోపలికి పోయింది. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అతను గోడకు ఒరిగి ఉన్నాడు. పెన్సిలు చాప మీద ఉంది. దవాఖానకు తీసుకుపోయినా మళ్ళీ కళ్ళు తెరవలేదు. అప్పుడే చెప్పి ఉంటే, అని ఎనిమిది నెలలు అనుకుంది. ఆ మాట ఈ మధ్య అనుకోవడం లేదని ఇప్పుడే గమనించింది.

శారమ్మ చేతులు మీటల మీద ఉంచి ఎదురుచూస్తోంది. గడిలో చిన్న గీత మెరిసి ఆరుతోంది. ఏం చెప్పాలో గంగమణికి తెలుసు. నిరుడు వానల్లేవు, ఊళ్ళకు ఊళ్ళే బోర్లు ఎండినాయి.

"దీన్ని ఉండనియ్యుండ్రి మేడం."

"రాయొద్దా?"

"ఎవలన్న వచ్చి అడగనీ. ఎట్ల అడుగుతరో గట్లనే మీరు రాసుకోండ్రి. వినుడు మీకు గూడ వచ్చింది గద."

శారమ్మ ఆమె వైపు చూసి, మీటల మీది నుంచి చేతులు తీసింది. గడి ఖాళీగానే ఉండిపోయింది. గంగమణి కార్డును తిరగేసి, వెనక వైపు పైకి కనబడేలా బల్ల మీద పెట్టింది. దాని పక్కన అతని పెన్సిలు పెట్టి, ఖాళీ తువ్వాల మడిచి చంకన పెట్టుకుని, మెట్లు దిగి చెప్పులు వేసుకుంది.