గోడెక్కిన ముక్కుపుడక

రాజమండ్రిలో గోడల మీద బొమ్మలు వేసే నేను, ఒక వర్క్‌షాపులో జపాన్ పద్ధతి నేర్చుకున్నాను. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, పైన కాగితం పరిచి నెమ్మదిగా రుద్దాలి. మా వీధిలో ఉంటూ మార్కెట్‌లో చేపలమ్మే ఆవిడ సరేనంటే, మొదట ఆవిడ ముఖమే చెక్కాను. కాగితం ఎత్తగానే ఆవిడ నవ్వు కనిపించి పొంగిపోయాను. తీసుకెళ్లి చేపల మార్కెట్ గోడకి అంటించాను.

ఆవిడ చాలాసేపు చూశారు. "బాగుందండి. నా ముక్కుపుడక కుడిపక్కది కదా, ఎడమపక్కకి ఎలా వెళ్లింది?"

అచ్చులో బొమ్మ తిరగబడుతుందన్న సంగతే మర్చిపోయాను. మళ్లీ చెక్కుతానన్నాను.

"వద్దండి. రోజూ అద్దంలో నాకు కనబడేది ఈవిడే."

అప్పటినుంచి ఎవరి ముఖమైనా తిప్పకుండా ఉన్నదున్నట్టే చెక్కుతున్నాను. అచ్చు చూసుకుని మురిసిపోతున్నారు.