యముని కిరీటంల అన్న నవ్వు

ఆర్మూర్ బస్టాండు ఎన్క సందుల నాకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండె. అప్పట్ల మా దిక్కు ఇంటికొక్కరన్నా గల్ఫుల ఉండిరి. ఉత్తరం రాసుడు వచ్చినోళ్లు తక్కువ, ఇంటికాడ చదివెటోళ్లు ఇంకా తక్కువ. అందుకని క్యాసెట్లల మాట్లాడి, ఊరికి వచ్చెటోళ్ల చేతికిచ్చి పంపెటోళ్లు. టేపు చిక్కుపడ్డా, బెల్టు తెగినా నా దగ్గరికే తెచ్చెటోళ్లు. బాగైందా లేదా చూడాలంటే నేను ఇనాలె గదా. అట్ల ఊర్ల సగంమంది కొడుకుల గొంతులు నాకు ఎరుకే. ముఖం ఎన్నడు చూడకున్నా, ఎవలు మాట్లాడేటప్పుడు మధ్యల దగ్గుతరో, ఎవలు ఏడుపు ఆపుకుంటరో నాకు తెలుస్తుండె.

ఒక్కాయన గొంతు మాత్రం మనిషిని మంచిగ ఎరిగినంకనే టేపుల ఇన్న. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఎత్తుమనిషి. పెండ్లి కాలే, తల్లితోని తమ్మునితోని ఉంటుండె. గణపతి నిమజ్జనం నాడు యేటేటా యముని వేషం కట్టెటోడు. కిరీటం తనే చేసుకున్నడు. పాత స్కూటర్ హెల్మెటు మీద నానబెట్టిన కాయితాలు, మెంతులు కలిపి రుబ్బిన ముద్దను పొరలు పొరలుగ పెట్టి, ఎండబెట్టి, దానికి కొమ్ములు తీసిండు. ముంగట గుడ్లురిమే ముఖం, బుర్ర మీసాలు. పెద్ద కండ్ల కింద రెండు సన్నటి సందులు ఇడిసిండు, చూసుడు అందులకెళ్లే. వేషం కంటే ఆయన నవ్వుకే జనం ఆగెటోళ్లు. కడుపులకెళ్లి లేచి, మెల్లగ పెరిగి, ఒక్కసారి తెగిపోయేది గా నవ్వు.

అసొంటి మనిషి దుబాయ్ పోయిండు, ఆడ గూడ రంగులేసే పనే. రెండో యేడు ఎత్తు మీదికెళ్లి పడ్డడు. శవం పెట్టె వచ్చేసరికి నెల దాటింది. తర్వాత కొన్ని రోజులకు ఆయన సామాన్ల ట్రంకు వచ్చింది.

మళ్ల గణపతులు కూసున్న తెల్లారి, ఆయన తమ్ముడు నా దుకాణానికి వచ్చిండు. టైలరు పని చేస్తుండె, బక్కపలచని మనిషి, గొంతు గూడ సన్నటిదే. చేతుల గోనెసంచి, సంచిల కిరీటం. అన్న వేషం ఈసారి తను కడుతున్నడట. తల్లి కట్టుమన్నదట. ఆ కిరీటం పెట్టుకుంటే ముక్కు దాక దిగుతుంది, తల తిప్పితే తల ఒక దిక్కు, యముడొక దిక్కు అవుతున్నడని చెప్పిండు. లోపల మెత్తలు తను కుట్టుకుంటడట. కండ్లల్ల ఎర్రలైట్లు పెట్టాలె, నోట్లె చిన్న స్పీకరు పెట్టాలె, అది నా పని.

స్పీకరు ఎందుకని అడిగిన. జేబులకెళ్లి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టిండు.

"నవ్వు నాతోని కాదు. మా అన్నదే పెట్టు," అన్నడు.

క్యాసెట్ నాకు కొత్తది కాదు. అంతకుముందు యేడు నిమజ్జనానికి రాలేక, తల్లి ఇనాలెనని ఆయన దుబాయ్‌లకెళ్లి నవ్వి పంపిండు. అప్పుడు గూడ నేనే దాన్ని ఇని చూసి ఇచ్చిన.

పనికి కూసున్న. ఇరిగిపోయిన రేడియోలకెళ్లి చిన్న స్పీకరు, దాన్ని నడిపే బోర్డు తీసిన. టార్చిలైటు బల్బులకు ఎర్ర కాయితం చుట్టి కండ్ల ఎన్క పెట్టిన. వాక్‌మన్, బ్యాటరీలు నడుముకు కట్టుకుంటడు, వైరు మెడ ఎన్కకెళ్లి పైకి పోతది. బోర్డును సైకిల్ ట్యూబు ముక్కల మధ్యల పెట్టి నడినెత్తి మీద బిగించిన, గెంతినా కదలొద్దని. మొదట స్పీకరు మోగితే ఎండిన కాయితం గూడ దానితోని కలిసి జిర్రుమన్నది. చుట్టూ దూది కుక్కితే ఆగింది.

మెత్తలకు మొదట ఆటో సీటు స్పాంజి పెట్టినం. అది చెమట తాగి గుంజుకపోయింది. మూడోనాడు తమ్ముడు గుడ్డతోని కుట్టిన మెత్తలు తెచ్చిండు. బిందె మోసేటప్పుడు నెత్తి మీద పెట్టే సుట్టబట్ట లెక్క ఒకటి గుండ్రంగ, చెవులకు ఆనేటట్టు రెండు పొడుగ్గ. నీలిచారల గుడ్డ అది. ట్రంకుల వచ్చిన అన్న అంగీలే కోసిండట. తల్లి తన చేతులతోనే దూది నింపిందట. కొలిచి అంటించిన.

అంతా అయినంక బాగైందా అని నేనే పెట్టుకొని చూసిన. మిట్టమధ్యాహ్నం, సందుల మనుషులు తిరుగుతున్నరు, మక్కల బస్తాల లారీ ఒకటి హారను కొడుతుంది. మెత్తలు చెవులకు పట్టంగనే గా చప్పుళ్లన్నీ బందైనయి. పాత రంగు వాసన, ట్రంకు వాసన, అంగీలల్ల ఇంకా పోని ఏదో సబ్బు వాసన. వాక్‌మన్ మీట నొక్కిన. స్పీకరు ముంగట, నోటికాడ ఉన్నది, అయినా నవ్వు అక్కడికెళ్లి రాలే. నా పుర్రె లోపటికెళ్లి లేచింది. నా కడుపు గూడ దానితోని కదిలినట్టయింది. ఇంకొకరు ఉన్న జాగల తల పెట్టిన అనిపించి, గబగబ తీసి బల్ల మీద పెట్టిన. యముడు నన్నే చూస్తుండు. చాలాసేపు నేను దాన్ని గోడ దిక్కు తిప్పి పనిచేసుకున్న. గీ ముచ్చట తమ్మునికి చెప్పలే.

ఇంకోటి గూడ చెప్పలే. మాటిమాటికి ఎన్కకు తిప్పే పని లేకుంట, ఉత్త క్యాసెట్ మీదికి నవ్వును మూడుసార్లు ఎక్కించిన. ఆఖరుసారి నేను ఆపేలోపట, నవ్వు ఎన్కనే అన్న మాట్లాడిన మాట గూడ ఎక్కింది. చెరిపెయ్యాలె. చెరిపే మీట మీద ఏలు పెట్టి గూడ నొక్కలేకపోయిన. డప్పుల చప్పుడుల ఎవలు ఇంటరని నాకు నేనే చెప్పుకున్న.

నిమజ్జనం నాడు పొద్దటికెళ్లి ముసురు. మూడుగొట్టంగ గణపతి ట్రాక్టరు కదిలింది, ముంగట డప్పులు, వాటి ముంగట యముడు. మొదటి నవ్వు గోల్ బంగ్లా కాడ లేచింది. చిన్నపిల్లలు ఉరికిన్రు. పెద్దోళ్లు మాత్రం ఉన్నకాడ్నే ఆగిన్రు. నా పక్కన ఒకాయన నెత్తి మీది తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు. ఆ మనిషిని మనం కాలబెట్టి వచ్చినం గదా అన్నట్టు ఒకర్నొకరు చూసుకున్నరు.

ఊరేగింపు వాళ్ల ఇంటి ముంగటికి వచ్చింది. తల్లి గడపల కూసొని ఉన్నది, ఒళ్లె బీడీల చాట. యముని కాళ్ల మీద పసుపు నీళ్లు పోసెతందుకు చెంబు గూడ పక్కకు పెట్టుకున్నది. డప్పులోళ్లు పద్ధతి ప్రకారం ఆపిన్రు. తమ్ముడు మీట నొక్కిండు. అది మూడో నవ్వు. నవ్వు పెరిగింది, తెగింది. ఆయన చేతులు రెండు పైకెత్తి నిలబడ్డడు, మళ్ల మీట నొక్కి ఆపే సోయి లేదు. టేపు నడుస్తనే ఉన్నది.

"అవ్వా, ఇన్నవా? బువ్వ తిన్నవా?"

యముని నోట్లెకెళ్లి సాఫ్‌గ వచ్చింది మాట. వానచినుకులు ట్రాక్టరు పరదా మీద పడే చప్పుడు గూడ ఇనబడుతుంది. తల్లి చాట పక్కకు పెట్టింది. లేవలే, ఏడువలే. గా ఎర్రకండ్ల దిక్కు చూసుకుంట, రోజు మాట్లాడినట్టే మాట్లాడింది.

"తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?"

టేపుల ఇంక మాట లేదు. యముడు అట్లనే నిలబడ్డడు. చేతులు మెల్లగ కిందికి దిగినయి. కొంచెంసేపటికి కిరీటం లోపటికెళ్లి సన్నటి గొంతు, తమ్మునిది, వచ్చింది.

"తిన్ననే అవ్వా."

ఆమె తల ఊపింది. చెంబు తీసుకొని వచ్చి కాళ్ల మీద నీళ్లు పోసింది. ఆ కాళ్లు పెద్దకొడుకువి అనుకున్నదా, చిన్నకొడుకువి అనుకున్నదా, నాకు ఇప్పటికీ తెల్వదు.

తెల్లారి తమ్ముడు కిరీటం తెచ్చి వైర్లన్నీ తీసెయ్యుమన్నడు. నేను తప్పు ఒప్పుకున్న, మాట చెరపలేదని చెప్పిన. ఆయన కోపానికి రాలే. లోపల ఉన్నప్పుడు ఆ మాట తన నోట్లెకెళ్లే వచ్చిందనుకున్నడట. అవ్వ అడిగినప్పుడు జవాబు చెప్పెటోడు ఎవలో ఒక గడియ తనకే సమజ్ కాలేదట. "నేను పలకకపోతే ఆయన పలుకుతడేమోనని భయమైంది," అన్నడు. మెత్తలు మాత్రం ఉండనియ్యిమన్నడు. తర్వాత యేండ్లల్ల తన సన్నగొంతుతోనే నవ్విండు. మొదట జనం ముసిముసిగ నవ్విన్రు, మెల్లమెల్లగ దానికే అలవాటు పడ్డరు.

ఆ నిమజ్జనమైన నెలకో ఏమో, తల్లే దుకాణానికి వచ్చింది. నా కాడనే ఉండిపోయిన పెద్దకొడుకు క్యాసెట్ల, రెండో దిక్కు ఏమన్నా ఉన్నదా అని అడిగింది. మాట ఏమీ లేదు. రికార్డు మీట ఆపుడు మరిచి ఇడిసినట్టున్నడు, దుబాయ్‌ల ఆయన పండుకునే అర్ర చప్పుడు మాత్రం ఎక్కింది. లేదని చెప్పబోయి, పెట్టి ఇనిపించిన. ఫ్యాను తిరుగుతుంది. ఎవలో గిన్నెలు కడుగుతున్నరు. మంచం కిర్రుమన్నది, తర్వాత చెప్పులు లాగుకుంట నడిచిన చప్పుడు. ఒక్కసారి ఆయన గొంతు సవరించుకున్నడు. ఆమె చేత్తోని నన్ను కదలొద్దన్నది.

"ఆడ్నే ఉన్నడు," అన్నది మెల్లగ.

అప్పటిసంది బీడీ కంపెనోళ్లు తునికాకు ఇయ్యని రోజులల్ల, బీడీల పని లేనప్పుడు వచ్చెటిది. స్టూలు మీద కూసొని ఒక దిక్కంతా ఇని పోయెటిది. రెండేండ్లు అట్లనే నడిచింది. టేపు అరిగింది. గిన్నెల చప్పుడు మొదట పోయింది, తర్వాత చెప్పులది. ఆఖరికి ఒక్క హోరు మిగిలింది. అది ఆ అర్రల ఫ్యానుదో, నా మిషన్‌దో నాకే తెల్వకపాయె. ఆమెకు చెప్పాలెనా వద్దా అని ఆలోచించుకుంట నేను పని చేసుకునేది. ఆమె కండ్లు మూసుకొని, ఎవలో ఏదో అడుగుతున్నట్టు నడుమ నడుమ తల ఊపుకుంట ఇంటుండె.