ఓడిపోయిన కేసు కాగితాలు

లా స్కూల్లో నేను అసిస్టెంట్‌గా పనిచేసిన ప్రొఫెసర్ గారికి అరవై దాటాయి. నల్లజాతివాళ్లు పౌరహక్కుల కోసం వేసిన కేసుల చరిత్ర రాసేవారావిడ. గెలిచిన కేసుల గురించి ఎవరు మాట్లాడినా, "మరి ఓడినవాళ్ల కాగితాలెక్కడ?" అని అడిగేవారు.

ఒక వేసవిలో మేముండే హెర్న్‌డన్ ఊరి నుంచి ఆవిడను దక్షిణాన ఓ చిన్న కౌంటీ కోర్టుకి డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. ఒక వంటమనిషి తన కూతుర్ని తెల్లపిల్లల బడిలో చేర్చుకోవాలని వేసి ఓడిపోయిన కేసు ఫైల్ ఆవిడకి కావాలి.

"అది తడిసి పాడైపోయిందండీ," అన్నాడు గుమస్తా.

"పాడైన కాగితాలే చూపించండి," అని ఆవిడ బెంచీ మీద కూర్చున్నారు. మర్నాడూ వెళ్లి కూర్చున్నారు. నాకు సిగ్గేసి, "ఇక వెళ్దాం, ప్రొఫెసర్," అన్నాను.

"నువ్వెళ్లి భోంచేసి రా," అన్నారు.

మూడోరోజు గుమస్తా విసుగ్గా ఒక అట్టపెట్టె తెచ్చి పడేశాడు. ఫైల్ అందులోనే ఉంది. తనను పనిలోంచి తీసేశారనీ, అయినా కేసు వెనక్కి తీసుకోననీ ఆ తల్లి జడ్జికి స్వయంగా రాసిన ఉత్తరం దొరికింది.

ఆ కూతురు ఇంకా ఆ ఊళ్లోనే ఉంది, ముసలావిడ అయిపోయింది. ప్రొఫెసర్ గారు ఇంటికెళ్లి ఆ ఉత్తరం కాపీ ఇస్తే రెండుసార్లు చదువుకుంది.

"అమ్మ కేసు వేసిందని నాకు తెలీదు. ఆ బడి కోసం అడక్కుండా భయపడి ఊరుకున్నావని అమ్మ మొహం మీదే అన్నానొకసారి."

ప్రొఫెసర్ గారు ఆమె పక్కన కూర్చున్నారు. "పైకి చదవండి. మేం వింటాం."

ఆమె కళ్లు తుడుచుకుని, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది.